రొమ్ము క్యాన్సర్ వ్యాప్తిలో ఆస్టియోపాంటిన్ ప్రోటీను పాత్ర: కృష్ణా డెల్టా పసుపు నేపథ్యంలో ఒక పరిశీలన

సారాంశం

ఆస్టియోపాంటిన్ అనేది కణాలు బయటకు స్రవించే ప్రోటీను. కణాలను వాటి చుట్టూ ఉండే అల్లికకు అంటించడం దీని ప్రధానమైన పని. ఎముకలోను, పాలలోను, మూత్రపిండాలలోను ఇది సహజంగానే ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ కణాలు దీనిని అధికంగా స్రవించి, పుట్టిన చోటు వదలి ఇతర అవయవాలలో నాటుకొనడానికి వాడుకొంటాయి. పసుపులోని కుర్కుమిన్ ఈ ప్రోటీను పంపే సంకేతాన్ని ప్రయోగశాలలో అడ్డగించినట్లు పుణె పరిశోధకులు 2003లో చూపారు. అయితే పసుపు తినడం వల్ల గాని, పూయడం వల్ల గాని రొమ్ము క్యాన్సర్ నయమవుతుందని ఇంతవరకు రుజువు కాలేదు. ఈ రెండు విషయాలకు మధ్య ఉన్న దూరాన్ని వివరించి, పసుపు పండించే ప్రాంతంలో రైతులు, మహిళలు, విస్తరణ సిబ్బంది తీసుకోవలసిన జాగ్రత్తలను ఈ వ్యాసం సూచిస్తుంది.

కీలక పదాలు: ఆస్టియోపాంటిన్, రొమ్ము క్యాన్సర్, కణ వ్యాప్తి, కుర్కుమిన్, పసుపు, బంగారు తీగ, కృష్ణా డెల్టా

ఉపోద్ఘాతం

విజయవాడ నుంచి తెనాలి వెళ్ళే రైలు మార్గంలో ఉన్న దుగ్గిరాల పేరు వినగానే పసుపు గుర్తుకు వస్తుంది. కృష్ణా కాలువల కింద, లంక నేలల్లో జూన్, జులై నెలల్లో నాటిన పసుపు ఎనిమిది, తొమ్మిది నెలలు నేలలో ఉండి సంక్రాంతి తరువాత తవ్వకానికి వస్తుంది. దుంపలు ఏరడం, కొమ్ములు విరవడం, ఉడికించిన పసుపును కళ్ళంలో ఆరబోయడం, కొమ్ము, కాయ వేరుచేయడం వంటి పనుల్లో అధిక భాగం స్త్రీల చేతుల మీదుగానే సాగుతుంది.

పసుపు క్యాన్సర్‌ను నయం చేస్తుందన్న మాట కొంతకాలంగా ఊరూరా వినిపిస్తున్నది. ఆ మాట పూర్తిగా కల్పితం కాదు. దాని వెనుక నిజమైన పరిశోధనలు ఉన్నాయి. ప్రయోగశాలలో తేలిన విషయాన్ని ఇంటి వైద్యంగా మార్చుకోవడంలోనే ప్రమాదం ఉన్నది. రొమ్ములో నొప్పి లేని గడ్డ తగిలినపుడు తవ్వకాలు అయ్యాక చూద్దామని వాయిదా వేసి, అంతవరకు పసుపు ముద్ద కట్టుకొనే స్త్రీకి నష్టమయ్యేది కేవలం రెండు నెలల కాలం కాదు. ఆ రెండు నెలల్లో గడ్డలోని కణాలు ఏమి చేయగలవో తెలిస్తేనే నష్టం ఎంతటిదో అర్థమవుతుంది.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనాల ప్రకారం 2022లో భారతదేశంలో సుమారు 1,92,000 మంది స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ కొత్తగా బయటపడింది. అదే ఏడాది సుమారు 98,000 మంది ఆ వ్యాధితో మరణించారు. ప్రపంచం మొత్తం మీద కొత్త కేసులు సుమారు 23 లక్షలు, మరణాలు సుమారు 6.7 లక్షలు. అంటే ప్రపంచంలో ప్రతి 100 కొత్త కేసులకు 29 మరణాలు ఉండగా, మన దేశంలో 51 ఉన్నాయి. ఈ వ్యత్యాసానికి ముఖ్య కారణాలలో ఒకటి వ్యాధి ముదిరాక ఆసుపత్రికి రావడం. రొమ్ములోనే ఉన్న గడ్డ సాధారణంగా ప్రాణం తీయదు. ఎముకకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు పాకినపుడే ప్రాణం మీదికి వస్తుంది. ఆ పాకడంలో ఆస్టియోపాంటిన్‌కు పాత్ర ఉన్నది.

బంగారు తీగ నేర్పే పాఠం

వరి కోసిన మాగాణిలో మినుము వేసే డెల్టా రైతుకు బంగారు తీగ పరిచయం అక్కరలేని కలుపు. మొక్కను చుట్టుకొన్న తరువాత దానికి నేలలోని వేరుతో పని ఉండదు. తీగను తెంపి గట్టు మీద పారవేసేటపుడు ఒక ముక్క పక్క మొక్క మీద పడినా, అక్కడ మళ్ళీ పట్టు దొరకబుచ్చుకొంటుంది. మొదట జిగురు వంటి పదార్థంతో కాండానికి అంటుకొంటుంది. ఆ తరువాత పీల్చే వేళ్ళను లోపలికి దింపుతుంది. అంటుకొనలేని ముక్క ఎండిపోతుంది. పొలమంతా వ్యాపించడానికి దానికి కావలసిన మొదటి అర్హత పట్టు.

ఈ పట్టు విషయంలో జర్మనీ శాస్త్రవేత్తలు 2006లో ఒక ఆసక్తికరమైన సంగతి ప్రచురించారు. బంగారు తీగ తాకిన టమాటా మొక్క తానే ఒక అంటుకొనే ప్రోటీనును తయారు చేస్తున్నది. ఆ ప్రోటీను తయారీని తగ్గించినపుడు తీగ పట్టు సడలింది. అంటే ఆతిథ్యమిచ్చే మొక్క సొంత జిగురునే పరాన్నజీవి వాడుకొంటున్నదన్నమాట.

రొమ్ము క్యాన్సర్‌లో జరిగేది దీనికి దగ్గరగా ఉంటుంది. అయితే ఒక భేదాన్ని మరువరాదు. బంగారు తీగ బయటి నుంచి వచ్చిన మొక్క, క్యాన్సర్ కణం శరీరపు సొంత కణమే. దాని జిగురు కూడా శరీరం ఇతర పనులకు తయారు చేసుకొన్నదే. అందువల్ల కలుపును ఏరినంత సులభంగా దానిని ఏరివేయలేము.

ఆస్టియోపాంటిన్ స్వరూపం

ఈ ప్రోటీనుకు 1986లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ పేరు పెట్టారు. గ్రీకు భాషలో ఆస్టియోన్ అంటే ఎముక, లాటిన్‌లో పోన్స్ అంటే వంతెన. ఎముక కణాలకు, ఎముకలోని ఖనిజ లవణాలకు మధ్య వంతెనగా పనిచేస్తున్నదని గమనించి ఆ పేరు ఇచ్చారు. మానవులలో దీని జన్యువు 4వ క్రోమోజోము మీద ఉన్నది. పూర్తి నిడివి గల ప్రోటీనులో 314 అమైనో ఆమ్లాలు ఉంటాయి.

ఈ గొలుసు మధ్యలో ఆర్జినైన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం అనే మూడు అమైనో ఆమ్లాలు వరుసగా కూర్చి ఉన్న ఒక చిన్న భాగం ఉన్నది. కణాల పైపొర మీద ఉండే ఇంటిగ్రిన్ అనే గ్రాహకాలకు ఇది కొక్కెం వలె తగులుకొంటుంది. సీడీ44 అనే మరొక గ్రాహకంతో కూడా ఈ ప్రోటీను కలుస్తుంది. రక్తం గడ్డకట్టడంలో పాల్గొనే త్రాంబిన్ అనే ఎంజైము ఈ గొలుసును ఒకచోట ఖండించినపుడు, అంతవరకు దాగి ఉన్న మరొక కొక్కెం బయటపడుతుంది.

ఆస్టియోపాంటిన్ విషపదార్థం కాదు. గాయం మానడానికి, ఎముక తనను తాను మరమ్మతు చేసుకోవడానికి, రోగ నిరోధక కణాలు అవసరమైన చోటికి చేరడానికి ఇది తోడ్పడుతుంది. తల్లిపాలలో లీటరుకు సుమారు 138 మిల్లీగ్రాములు, ఆవుపాలలో సుమారు 18 మిల్లీగ్రాములు ఉన్నట్లు 2009లో కొలిచారు. దీనిని చదివి పాలు మానవలసిన పని లేదు. కణితి తన అవసరానికి, తన చుట్టూనే స్రవించుకొనే ప్రోటీను గురించే ఇక్కడి చర్చ.

వ్యాధి వ్యాప్తిలో దశలవారీ పాత్ర

రొమ్ములోని కణితి దూర అవయవానికి చేరడానికి పలు అడ్డంకులు దాటాలి. వాటిలో పెక్కింటి వద్ద ఆస్టియోపాంటిన్ సహకారం కనిపిస్తుంది.

1. గట్టు తెగడం: రొమ్ములోని పాల నాళాల చుట్టూ, కణజాలం మధ్య ప్రోటీన్ల అల్లిక ఒకటి గట్టు వలె ఉంటుంది. ఆస్టియోపాంటిన్ ఇంటిగ్రిన్‌కు తగులుకొన్నపుడు కణం లోపలికి ఒక సంకేతం వెళ్తుంది. ఎన్ఎఫ్ కప్పా బీ అనే నియంత్రకం మేలుకొంటుంది. ఫలితంగా ఈ అల్లికను కరిగించే ఎంజైములు చురుకవుతాయి. కాలువ గట్టుకు ఎలుక బొరియ పడినట్లు కణితి చుట్టూ దారులు ఏర్పడతాయి.

2. కదలిక: కణం ముందుకు సాగాలంటే ముందు పట్టు దొరకాలి, వెనుక పట్టు వదలాలి. తాను స్రవించిన జిగురునే పట్టుగా చేసుకొని కణం ముందుకు పాకుతుంది.

3. కొత్త రక్తనాళాలు: పెరిగే కణితికి ఆహారం, ప్రాణవాయువు కావాలి. రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే కారకాన్ని ఆస్టియోపాంటిన్ ప్రేరేపించి రొమ్ము కణితుల పెరుగుదలకు దోహదం చేస్తున్నట్లు పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం పరిశోధకులు 2008లో ప్రచురించారు.

4. పట్టు లేకుండా బ్రతకడం: సాధారణ కణం తన స్థానం నుంచి ఊడితే చనిపోతుంది. ఈ ప్రోటీనుకు ‘సి’ అనే కురుచ రూపం ఒకటి ఉన్నది. ఆ రూపం ఉన్న క్యాన్సర్ కణాలు ఆధారం లేకుండా కూడా వృద్ధి చెందగలవని అమెరికాలోని సిన్సినాటి పరిశోధకులు 2006లో చూపారు. రక్తంలో కొట్టుకుపోతున్న కణానికి ఈ శక్తి ఎంతో అవసరం.

5. కొత్త నేలలో నాటుకోవడం: రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా చేరే చోట్లలో ఎముక ఒకటి. ఎముకను తినే కణాలు ఎముకకు అంటుకొనేది కూడా ఆస్టియోపాంటిన్ ద్వారానే. ఆ కణాలు చురుకైతే ఎముక కరిగి, వచ్చిన క్యాన్సర్ కణాలకు చోటు దొరుకుతుంది.

6. దూరం నుంచి ప్రేరేపణ: అమెరికాలోని వైట్‌హెడ్ సంస్థలో రాబర్ట్ వైన్‌బర్గ్ బృందం 2008లో ప్రచురించిన ఫలితం అన్నింటికన్నా ఆలోచింపజేసేది. ఎలుకలలో వేగంగా పెరిగే రొమ్ము కణితి ఒకచోట ఉంటే, దూరంగా నిద్రాణంగా ఉన్న మరొక కణితి కూడా పెరగసాగింది. మొదటి కణితి స్రవించిన ఆస్టియోపాంటిన్ రక్తం ద్వారా ఎముక మజ్జకు చేరి, అక్కడి కణాలను మేల్కొల్పడం దీనికి అవసరమని తేలింది.

చివరి అంశం ఆలస్యానికి ఉన్న అర్థాన్ని మార్చివేస్తుంది. స్రవించే ప్రోటీను కణితి సరిహద్దు వద్ద ఆగదు. చేతికి తగిలే గడ్డ నిమ్మకాయంతే ఉన్నా, దాని సందేశం మజ్జ వరకు వెళ్ళవచ్చును. గడ్డ పెరగలేదు కదా, నొప్పి లేదు కదా అని నిశ్చింతగా ఉండడం అందుకే తగదు.

రక్త పరీక్షగా దీని పరిమితి

కెనడా పరిశోధకులు 1997లో రొమ్ము క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకిన 70 మంది స్త్రీల రక్తాన్ని పరీక్షించారు. వారిలో ఆస్టియోపాంటిన్ మధ్యగత విలువ, వ్యాధి లేని స్త్రీలలో ఉన్నదానికి సుమారు మూడు రెట్లు ఉన్నది. విలువ ఎక్కువగా ఉన్నవారు తక్కువ కాలం జీవించారు. అయినప్పటికీ రొమ్ము క్యాన్సర్‌ను కనిపెట్టే పరీక్షగా ఇది వాడుకలోకి రాలేదు. క్షయ, కీళ్ళవాతం వంటి ఇతర వ్యాధులలో కూడా ఈ ప్రోటీను పెరుగుతుంది. పైగా వ్యాధి ఉన్నవారి విలువలు, లేనివారి విలువలు కొంతమేర కలిసిపోతాయి. ఆకు పసుపు రంగుకు తిరిగినంత మాత్రాన నత్రజని లోపమని నిర్ధారించలేనట్లే, ఈ ఒక్క కొలతతో క్యాన్సర్‌ను నిర్ధారించలేము. ఆస్టియోపాంటిన్‌ను అడ్డగించే ఔషధమేదీ రొమ్ము క్యాన్సర్ చికిత్సకు ఇంతవరకు ఆమోదం పొందలేదు.

కుర్కుమిన్: ప్రయోగశాల నుంచి శరీరం వరకు

పుణె కేంద్రంలోని గోపాల్ కుందు బృందమే 2003లో కుర్కుమిన్ మీద ఫలితాలు ప్రచురించింది. ఆస్టియోపాంటిన్ వల్ల ఎన్ఎఫ్ కప్పా బీ మేలుకొని, అల్లికను కరిగించే ఎంజైము చురుకవుతుండగా, కుర్కుమిన్ ఆ సంకేతాన్ని అణచివేసింది. పసుపు, క్యాన్సర్ అన్న మాట వెనుక ఉన్న గట్టి ఆధారాలలో ఇది ఒకటి. అయితే ఆ ప్రయోగం ఎలుక చర్మ క్యాన్సర్ కణాల మీద, గాజు పాత్రలో జరిగింది. అక్కడ కుర్కుమిన్ కణాన్ని నేరుగా తాకుతుంది. తిన్న పసుపుకు ఆ అవకాశం దాదాపుగా లేదు.

దీనికి లెక్క చూడవచ్చును. పసుపులో కుర్కుమిన్ శాతం రకాన్ని బట్టి, నేలను బట్టి సాధారణంగా 2 నుంచి 7 వరకు ఉంటుంది. 3 శాతం ఉన్న పసుపు పొడిని రోజుకు 2 గ్రాములు వంటలో వాడితే అందేది 60 మిల్లీగ్రాములు. బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో 1998లో ఆరోగ్యవంతులకు ఒకేసారి 2 గ్రాముల కుర్కుమిన్ ఇచ్చి చూశారు. అంత కుర్కుమిన్ కావాలంటే అదే పసుపు పొడి సుమారు 67 గ్రాములు తినాలి. అయినా వారి రక్తంలో కుర్కుమిన్ కనిపించనే లేదు, లేదా అతి స్వల్పంగా కనిపించింది. పేగు, కాలేయం దానిని వెంటనే మార్చి బయటకు పంపివేస్తాయి.

మిరియాలలోని పైపెరిన్ 20 మిల్లీగ్రాములు కలిపి ఇచ్చినపుడు రక్తంలో చేరే కుర్కుమిన్ 20 రెట్లు పెరిగినట్లు అదే అధ్యయనం చూపింది. కాని దాదాపు శూన్యానికి 20 రెట్లు అంటే ఎంతో పాఠకులు ఊహించగలరు. అంతేగాక మందులను విరగగొట్టే కాలేయపు ఎంజైములను పైపెరిన్ మందగింపజేస్తుంది. అందువల్ల చికిత్సలో ఉన్నవారికి ఇచ్చే ఇతర మందుల మోతాదు కూడా తారుమారు కావచ్చును.

అమెరికాలోని ఉత్తర కరోలినా పరిశోధకులు 2002లో మరొక హెచ్చరిక ప్రచురించారు. రొమ్ము క్యాన్సర్ ఉన్న ఎలుకలకు ఆహారంలో కుర్కుమిన్ ఇచ్చినపుడు, సైక్లోఫాస్ఫమైడ్ అనే క్యాన్సర్ మందు ప్రభావం తగ్గింది. మనుషులలో కూడా ఇట్లే జరుగుతుందని దీని అర్థం కాదు. కాని కీమోథెరపీ తీసుకొంటూ వైద్యునికి చెప్పకుండా పసుపు మాత్రలు వేసుకోవడం మంచిది కాదని చెప్పడానికి ఇది చాలు.

మనుషులలో జరిగిన పరీక్షల సంగతి కూడా చూడాలి. కుర్కుమిన్ మీద 120కి పైగా మానవ ప్రయోగాలు జరిగినా, రోగికి గాని వైద్యునికి గాని ఏది మందో ఏది ఉత్త మాత్రో తెలియకుండా చేసే కట్టుదిట్టమైన పరీక్షలో అది నెగ్గలేదని 2017లో ఔషధ రసాయన శాస్త్రవేత్తలు సమీక్షించారు. అనంతరం 2020లో ఆర్మీనియాలో 150 మంది రోగులపై చేసిన పరీక్షలో, పాక్లిటాక్సెల్ మందుతో పాటు కుర్కుమిన్‌ను నేరుగా నరంలోకి ఎక్కించగా కణితి తగ్గినవారి శాతం పెరిగింది. వ్యాధి మళ్ళీ ముదరకుండా గడిచిన కాలంలో మాత్రం తేడా రాలేదు. ఇది ఆశ కలిగించే విషయమే. అయితే అది వంటింటి పసుపు కాదు, కీమోథెరపీకి బదులుగా ఇచ్చినదీ కాదు.

పైపూతకు కూడా ఇదే వర్తిస్తుంది. కేరళలోని త్రిసూర్‌లో 1987లో ప్రచురించిన అధ్యయనంలో, పుండుగా మారిన క్యాన్సర్లకు పసుపు సారం పూసినపుడు చాలామందిలో దుర్వాసన, దురద తగ్గాయి. పుండు పరిమాణం తగ్గినది కొద్దిమందిలో మాత్రమే. బాధ తగ్గడాన్ని వ్యాధి తగ్గడంగా పొరబడితే, ఆసుపత్రికి వెళ్ళవలసిన రోజు ఇంకా వెనక్కు జరుగుతుంది.

పదార్థం ఔషధం కావడానికి పట్టే దారి

పొరుగునే ఉన్న భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు జీవితం ఈ విషయంలో మార్గదర్శకం. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నేతృత్వంలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేశారు. ఆకుకూరలలో ఉండే ఈ విటమిను శరీరానికి ఎంతో మేలు చేస్తుంది. అయితే దాని రూపాలను ఇచ్చినపుడు పిల్లలలో రక్త క్యాన్సర్ మరింత వేగంగా పెరుగుతున్నదని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించారు. దాంతో విటమినును పోలి ఉండి దాని పనిని అడ్డుకొనే పదార్థాలను సుబ్బారావు బృందం తయారు చేసింది. వాటిలో అమైనోప్టెరిన్ తాత్కాలికంగానైనా వ్యాధిని తగ్గించిందని 1948లో ప్రచురించారు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఆ తరువాత రొమ్ము క్యాన్సర్ చికిత్సలో చేరింది. సైక్లోఫాస్ఫమైడ్, మెథోట్రెక్సేట్, ఫ్లోరోయురాసిల్ కలిపి శస్త్రచికిత్స తరువాత ఇస్తే వ్యాధి తిరగబెట్టడం తగ్గుతుందని ఇటలీలోని మిలాన్ వైద్యులు 1976లో నిరూపించారు.

ఈ చరిత్ర రెండు సంగతులు చెబుతుంది. ఆహారంలో మేలు చేసేది వ్యాధిలో కూడా మేలు చేస్తుందని అనుకోరాదు. పదార్థం నుంచి ఔషధానికి చేరడానికి అణువును మార్చి, మోతాదు కట్టి, రోగులలో పోల్చి చూసే సుదీర్ఘమైన దారి నడవాలి. కుర్కుమిన్ ఆ దారిలో ఇంకా మొదటి మజిలీలలోనే ఉన్నది.

సూచనలు

పసుపు రైతులకు, ఉత్పత్తిదారుల సంఘాలకు: పొడి పట్టి అమ్మేటపుడు కుర్కుమిన్ శాతం పరీక్ష చేయించి సంచి మీద ముద్రించడం మంచి పద్ధతి. క్యాన్సర్ నయమవుతుందని ముద్రించడం మాత్రం 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం ప్రకారం నేరం. పసుపుకు విలువ తెచ్చేది శుభ్రత, సరిగా ఉడికించి ఎండబెట్టడం, రంగు కలపకపోవడం.

మహిళలకు: నొప్పి లేని గడ్డ, చర్మం సొట్టపడటం, చనుమొన లోపలికి పోవడం, రక్తంతో కూడిన స్రావం, చంకలో గడ్డ వీటిలో ఏది కనిపించినా పంట పనుల కోసం ఆగక వైద్యునికి చూపించాలి. గడ్డలన్నీ క్యాన్సర్ కావు. ఏది అవునో, ఏది కాదో తేల్చేది సూది పరీక్ష లేదా ముక్క పరీక్ష మాత్రమే.

విస్తరణ సిబ్బందికి: 30 ఏళ్ళు దాటిన స్త్రీలకు ఆరోగ్య కార్యకర్తలు రొమ్ము పరీక్ష చేసే జాతీయ కార్యక్రమం ఉన్నది. ముంబయిలో టాటా స్మారక కేంద్రం 1,50,000కు పైగా స్త్రీలను 20 ఏళ్ళు గమనించి 2021లో ఫలితాలు ప్రచురించింది. శిక్షణ పొందిన కార్యకర్తలు రెండేళ్ళకొకసారి చేతితో పరీక్షించినందువల్ల వ్యాధి తొలి దశలోనే బయటపడింది. 50 ఏళ్ళు, ఆపైబడిన వారిలో మరణాలు సుమారు 30 శాతం తగ్గాయి. పసుపు సాగు శిక్షణ జరిగే రోజునే గ్రామ ఆరోగ్య కార్యకర్తను పిలిచి మహిళా కూలీలకు ఈ పరీక్ష ఏర్పాటు చేయడం పెద్ద ఖర్చు లేని పని. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో క్యాన్సర్ విభాగం ఉన్నది. ఎన్టీఆర్ వైద్య సేవ పథకంలో క్యాన్సర్ చికిత్సలు కూడా చేరి ఉన్నాయి. ఈ సమాచారం కళ్ళం వరకు చేరాలి.

ముగింపు

ఆస్టియోపాంటిన్ శరీరానికి అవసరమైన జిగురు. క్యాన్సర్ కణం దానిని పట్టుకొమ్మగా చేసుకొని ఊడుతుంది, ప్రయాణిస్తుంది, మరొకచోట నాటుకొంటుంది. కుర్కుమిన్ ఈ గొలుసులో ఒక లంకెను గాజు పాత్రలో తెంచగలిగింది. శరీరంలో తెంచగలిగే మందుగా మారడానికి ఇంకా పరిశోధన కావాలి. ఆ పరిశోధనకు మేలైన పసుపు పండించి ఇవ్వడం డెల్టా రైతు చేయగల సహాయం. బంగారు తీగ ఒక మొక్క మీద ఉండగానే దానిని తీసివేసిన రైతు చేను దక్కించుకొంటాడు. గడ్డ రొమ్ములో ఉండగానే వైద్యునికి చూపించుకొన్న స్త్రీకి ప్రాణం దక్కే అవకాశం ఎంతో ఎక్కువ.